నేల వంకర

జూన్ 3

ఇంటికి తెచ్చాం. పాపని మోసుకొచ్చానో బీరువాని మోసుకొచ్చానో తెలియలేదు. పక్కటెముకల కింద మొదలై కుడికాలి వేళ్ల దాకా, ఎడమకాలి మోకాలి దాకా అంతా ప్లాస్టరే. కాళ్లు రెండూ ఎడంగా ఉండటానికి మధ్యలో ఒక అడ్డకర్ర. చూసిన ప్రతివాళ్లకీ ఆ కర్ర పట్టుకుని ఎత్తాలనిపిస్తుంది. అస్సలు పట్టుకోకూడదట. కట్లు వేసే గదిలో పెద్దాయన ఆ మాట చెప్పిందే చెప్పాడు. చివరికి విసుగొచ్చి, ప్లాస్టర్ నాకు కొత్తేం కాదండీ, నేను చేసేదే సీలింగ్ పని అన్నాను. ఆయన నా చేతుల వంక చూసి, సీలింగ్‌కి దురద పుట్టదు బాబూ అన్నాడు.

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆమె నవ్వడం ఇదే మొదలు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

లిఫ్ట్‌లో అడ్డంగా పట్టలేదు. నిలువుగా ఎత్తి పట్టుకున్నాను. పై ఫ్లోర్ ఆవిడ అప్పటికే లోపల ఉంది. అయ్యో పాపం, పడిపోయిందా అని అడిగింది. అవునండీ, పడింది అన్నాను.

పడలేదు.

జూన్ 4

పుట్టుకతోనే తుంటి దగ్గర ఎముక దాని గిన్నెలో సరిగ్గా కూర్చోలేదట. నడక మొదలుపెట్టినప్పుడే తెలియాల్సింది అంది డాక్టరమ్మ. నాలుగేళ్లు దాటిన పిల్ల అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగింది. నేను ఆవిడ గది సీలింగ్ వంక చూశాను. మూల దగ్గర జాయింట్ విచ్చుకుని ఉంది.

గమనించకపోవడం ఏమిటి? ఆ నడకకి పేరు పెట్టిందే నేను. బాతు. ఇంటికి ఎవరొచ్చినా, బాతూ, ఒకసారి నడిచి చూపించమ్మా అనేవాడిని. అది నడుం మీద చేతులేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి ఊగుతూ వెళ్లేది. అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి చూసేది.

ఇంకోటి కూడా రాయాలి. కిందటేడు మా ఆవిడ అంది, ఏమండీ, దీనికి ఒక కాలు పొట్టిగా లేదూ అని. నేను పనిముట్ల సంచిలోంచి వాలు చూసే రసమట్టం తీసి హాల్లో నేల మీద పెట్టాను. బుడగ పక్కకి జరిగింది. చూశావా, కాలు కాదు, నేల వంకర అన్నాను. ఈ బిల్డింగ్ కట్టినవాడిని నాలుగు తిట్లు కూడా తిట్టాను. సీలింగ్‌లో నూలువాసి తేడా ఉన్నా గుమ్మంలోంచే పట్టేస్తాడని నాకు పేరు. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ మాట ఇప్పటిదాకా ఆమె ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి నన్ను కడిగేస్తే బాగుండు.

జూన్ 6

మా ఆవిడ సెలవులన్నీ ఆస్పత్రిలోనే అయిపోయాయి. బేకరీలో ఇక కుదరదన్నారు. నేనే పని మానుకుని ఇంట్లో ఉంటానన్నాను. నా పార్ట్‌నర్ ఫోన్‌లో, నీలాంటి తండ్రి ఉండాలి గురూ అన్నాడు. పై ఫ్లోర్ ఆవిడ కూడా మెచ్చుకుంది. ఆడవాళ్లు ఇదే పని చేస్తే ఎవరూ మెచ్చుకోరు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపిస్తోంది.

పని కష్టమేం కాదు, కానీ ఊపిరాడదు. కట్టు కింద, కాళ్ల మధ్య, ఒక కిటికీ లాంటి ఖాళీ వదిలారు. అందులోకి చిన్న డైపర్ దోపాలి, దాని మీద పెద్దది కట్టాలి. తల వైపు ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి, లేకపోతే తడి కిందికి పోకుండా వెనక్కి, నడుం వైపు ఎక్కుతుంది. కట్టు తడిస్తే మెత్తబడుతుంది. మెత్తబడితే లోపల ఎముక జారుతుంది. జారితే మళ్లీ ఆపరేషన్. రెండోసారి కూడా నిలవకపోతే ఇక జన్మంతా కుంటుతుంది. ఇది డాక్టరమ్మ మెల్లగా, నవ్వుతూనే చెప్పింది.

బోర్లా, వెల్లకిలా తిప్పుతూ ఉండాలి. టార్చ్ వేసి లోపల బిస్కెట్ పొడి ఏమైనా పడిందేమో చూడాలి. దురద అంటే డ్రయ్యర్‌తో చల్లగాలి మాత్రం కొట్టాలి. పుల్లలూ గిల్లలూ దూర్చకూడదు.

జూన్ 9

దురదకి మందు దొరికింది. కట్టు మీద వేళ్లతో తలుపు కొట్టినట్టు కొడితే దానికి కాస్త హాయిగా ఉంటోంది. ఈ రోజు టక్ టక్ మని కొట్టి, ఎవరండీ లోపల అన్నాను. బాతు ఇంట్లో లేదండీ, ఊరెళ్లింది అంది. మరి ఎప్పుడొస్తుందండీ అన్నాను. తలుపు పగలగొట్టాక వస్తుందండీ అంది.

నవ్వాను. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి కాసేపు అక్కడే నిలబడ్డాను.

జూన్ 10

అసలు పేరు పెట్టి పిలిచాను. పలకలేదు.

జూన్ 11

నన్ను బాతు అని ఎందుకు పిలవట్లేదు అని మా ఆవిడని అడిగిందట. ఆమె ఏదో చెప్పి తప్పించుకుంది. ఆమె కూడా మానేసింది మరి. మేమిద్దరం అనుకుని మానేసింది కాదు. డాక్టరమ్మ గమనించలేదా అని అడిగిన దగ్గర నుంచి ఆ మాట మా ఇద్దరి నోటా రాలేదు.

జూన్ 15, మధ్యాహ్నం

కింద ఫ్లాట్‌లో ఎవరో సీలింగ్ చేయిస్తున్నారు. వారం నుంచి ఆ చప్పుడు వింటున్నాను. చెయ్యి తిరిగినవాళ్లు కాదని చప్పుడుని బట్టే తెలుస్తోంది. ఇవాళ ఆ ఇంటాయన పైకొచ్చి, మీది ఇదే పనట కదా, ఒక్కసారి చూసి చెప్పరూ అన్నాడు. నా కాళ్లు నా మాట వినలేదు.

పాప ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. తల ఎత్తుగా ఉంటే స్క్రీన్ మీద వెలుతురు పడుతోందని గోల చేస్తే, దిండ్లు తీసేసి పడుకోబెట్టాను. ఇప్పుడే వస్తానమ్మా అని చెప్పి దిగాను.

చూసి రావలసింది. నేను నిచ్చెన ఎక్కాను. పనివాడి చేతిలోంచి తాపీ తీసుకుని, అంచు ఇలా లాగాలి అని చూపించాను. ఇంటాయన ఆహా ఓహో అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత చేతికి పని తగిలేసరికి ఒళ్లు మరిచిపోయాను. ఆ కాసేపూ నాకు కూతురు లేదు. ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ అంతే జరిగింది.

పైకొచ్చేసరికి పక్క తడిసిపోయింది. నడుం వెనక కట్టు అంచు పాలల్లో ముంచిన బిస్కెట్‌లా అయింది. వేలు పెడితే ఊడొచ్చింది. పిలిచాను నాన్నా, నువ్వు పలకలేదు అంది. ఏడవలేదు. నాకు సమాచారం చెప్పింది, అంతే.

జూన్ 15, సాయంత్రం

ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎవరికైనా తెలుస్తుంది ఆ మాత్రం. టాక్సీకి ఫోన్ చెయ్యబోయాను కూడా. అప్పుడు ఆ పెద్దాయన మొహం గుర్తొచ్చింది. సీలింగ్‌కి దురద పుట్టదు బాబూ. ప్లాస్టర్ నాకు కొత్త కాదు అన్నవాడిని, తడిపి ముద్ద చేసిన ప్లాస్టర్‌తో వెళ్లి ఆయన ముందు నిలబడాలి. అప్పుడు మా ఆవిడ ఫక్కున నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది.

బాల్కనీలో సగం బస్తా ప్లాస్టర్ ఉంది.

మెత్తబడిన అంచు కోసేశాను. పల్చటి గుడ్డ చీలికలు చేశాను. మా ఆవిడ వచ్చేలోపు గట్టిపడాలి కాబట్టి గోరువెచ్చని నీళ్లు తీసుకుని చిటికెడు ఉప్పు వేశాను. తొందర పని ఉన్నప్పుడు మేమంతా చేసేదే. ఉప్పు పడితే ప్లాస్టర్ ఇట్టే బిగుస్తుంది. మళ్లీ మెత్తబడకూడదని మందంగా, పొర మీద పొర వేశాను. తడి బొటనవేలితో నున్నగా లాగాను. ఆరాలని మీద తువ్వాలు కప్పాను.

వెచ్చగా ఉంది నాన్నా అంది. ప్లాస్టర్ బిగుసుకునేటప్పుడు వేడెక్కుతుందమ్మా, మళ్లీ చల్లారిపోతుంది అన్నాను. కాసేపటికి, చాలా వేడిగా ఉంది నాన్నా అంది. మంచి పిల్లలు ఓర్చుకుంటారు అన్నాను. కింది పెదవి పళ్ల మధ్య పెట్టుకుని ఊరుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓర్చుకుంది. నేను చెప్పానని ఓర్చుకుంది.

తర్వాత చల్లబడింది. అప్పుడు అన్నాను, ఇది అమ్మకి చెప్పొద్దు, మనిద్దరి సీక్రెట్ అని. దానికి సీక్రెట్లంటే ప్రాణం. కళ్లు మెరిశాయి.

మా ఆవిడ గుమ్మంలోనే ఆగి, తడి ప్లాస్టర్ వాసన వస్తోందేమిటి అంది. ఓవెన్ తెరవకుండానే బ్రెడ్ అయిందో లేదో వాసనతో చెప్పే మనిషి. పనిముట్లు కడిగాను, బస్తా విప్పాను అన్నాను. సరే అంది. రెండోసారి కూడా నమ్మింది.

జూన్ 16

అతుకు ఎక్కడుందో నాకే కనిపించట్లేదు. అంత బాగా కుదిరింది.

జూన్ 18

సరిగ్గా తినట్లేదు. వెల్లకిలా తిప్పితే గోడ వైపు చూస్తోంది. నొప్పి ఉందామ్మా అంటే లేదు అంటుంది. దురద ఉందా అంటే లేదు. కట్టు మీద టక్ టక్ మని కొట్టాను. ఎవరూ పలకలేదు.

ఎండలకి నీరసం అయి ఉంటుంది అన్నాను మా ఆవిడతో. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే వినిపించింది. నేల వంకర అన్నప్పుడు ఏ గొంతుతో అన్నానో సరిగ్గా అదే గొంతు.

జూన్ 19

పొద్దున. మా ఆవిడ పనికి బయల్దేరబోతూ మంచం దగ్గర కూర్చుంది. ఒళ్లు కాస్త వేడిగా ఉందంది. నా బంగారు తల్లివి కదూ, ఎక్కడ నొప్పో అమ్మకి చెప్పు అని అడిగింది.

పాప ఆమెకి జవాబు చెప్పలేదు. తల తిప్పి నా వంక చూసింది. చెప్పొచ్చా అని అడిగే చూపు. స్కూల్లో పిల్లలు టీచర్ వంక చూసే చూపు.

నేను దిండు పట్టుకుని నిలబడి ఉన్నాను. చెప్పేశాను. కింద ఫ్లాటు, నిచ్చెన, ఉప్పు, తువ్వాలు, సీక్రెట్, అన్నీ. ఏదీ వెనక్కి దాచుకోలేదు. మా ఆవిడ అంతా విని, బేకరీ టోపీ తల మీద నుంచి తీసి మడిచి బ్యాగులో పెట్టుకుంది. టాక్సీ పిలవండి అంది.

దారంతా పాప తల మా ఆవిడ ఒడిలో, కాళ్లు నా ఒడిలో. ఇద్దరం చెరో వైపు కిటికీలోంచి చూశాం.

జూన్ 19, సాయంత్రం

ఎక్స్‌రే తీశారు. ఎముక కదల్లేదు. డాక్టరమ్మ ఆ మాట అనగానే నేను కుర్చీలో కూర్చోబోయి, అక్కడ కుర్చీ లేకపోతే గోడకి ఆనుకున్నాను.

తర్వాత పెద్దాయన రంపం పట్టుకుని వచ్చాడు. అతుకు దగ్గర ఆగి వేలితో తడిమాడు. అటూ ఇటూ వంగి చూశాడు. ఇది ఎవరు చేశారు, మా వాళ్లు కాదే, ఫినిషింగ్ ఇంత బాగా మాలో ఎవరికీ రాదు అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. నా జన్మలో నా పనిని ఎంతోమంది పొగిడారు. ఆ పొగడ్త వింటుంటే మాత్రం నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి దాచుకున్నాను.

నేనే చేశానండీ అన్నాను.

ఆయన అతుకు కోసి తీశాడు. కింద దూది పల్చబడిన చోట, నడుం పక్కన, అరచేతిలో పట్టేంత మేర చర్మం కాలింది. బొబ్బ పగిలి కట్టుకి అంటుకుపోయింది. రోజూ దాని మీదే పడుకోబెట్టాను. డాక్టరమ్మ డ్రెస్సింగ్ చేస్తూ, తడిసిన రోజే తెస్తే ఇక్కడ చిటికెలో పని కదా అంది. తిట్టలేదు. తిడితే ఆ బరువు కొంత ఆవిడ చేతిలోకి పోయేది.

డ్రెస్సింగ్ మార్చడానికి అక్కడ ఖాళీ వదిలి మళ్లీ కట్టు సరిచేశారు. పాప మాత్రం చుక్క కన్నీరు పెట్టలేదు. ఎంత మంచి పిల్లో, ఎంత ఓర్పో అంది నర్సు. నేను బయటికి వచ్చేశాను.

జూన్ 20

మా ఆవిడ ఈ రోజు మాట్లాడింది. బట్టలు మడుస్తూ, మొహం చూడకుండా మాట్లాడింది. ఆ రోజు మీరు రసమట్టం పెట్టినప్పుడు నేను బుడగ వంక చూశాను, పిల్ల కాలు వంక చూడలేదు, ఆ తప్పు నాది కూడా అంది. నేను కాదనబోయాను. చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. అది మనిద్దరిదీ, ఇది మాత్రం మీ ఒక్కరిదే అంది. కాలింది మానిపోతుందండీ, కానీ దానికి నొప్పి వస్తే ముందు మీ మొహం చూడాలని నేర్పారు, అది ఎప్పుడు పోతుందో చెప్పండి అంది.



పార్ట్‌నర్ ఫోన్ చేస్తే తియ్యలేదు.

జూన్ 22

ఎక్కడ నొప్పి? ఎక్కడా లేదు.
దురదగా ఉందా? లేదు.
డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మంట పుట్టిందా? లేదు.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మంట పుట్టకుండా ఉండదని నర్సు చెప్పింది.

జూన్ 24

దాని మంచం పక్కన నేల మీద కూర్చుని క్షమించమని అడిగాను. నేను చెప్పింది తప్పు, సీక్రెట్ రద్దు, నొప్పి అంటే గట్టిగా అరవాలి, పక్క ఫ్లాట్‌కి వినబడాలి అన్నాను. అది నా మాటలన్నీ విని, గోడ మీద వేలితో గీతలు గీస్తూ, నేను ఇంక బాతుని కాదా అంది.

 అది బేరం పెట్టింది. బాతు అని పిలిస్తేనే నొప్పి ఎక్కడో చెప్తుందట. లేకపోతే చెప్పదట. ఈ బేరాలాడే బుద్ధి మా ఆవిడది.

ఆ పేరు పెట్టి ఎంతమంది ముందు నడిపించాను దాన్ని! దానికేమో ఆ చప్పట్లే గుర్తున్నాయి. నాకు గుర్తున్నది వేరు. దాని పేరుని నా సిగ్గు కోసం దాచేసుకున్నాను. అది నాదా, దాచడానికి?

చెయ్యి చాచి కట్టు మీద టక్ టక్ మని కొట్టాను. బాతు ఇంట్లో ఉందాండీ అన్నాను.

అది కాసేపు నన్ను ఆటపట్టించాలా వద్దా అని ఆలోచించింది. ఉందండీ అంది. తర్వాత మొహం మొత్తం ముడుచుకుపోయింది. ఇక్కడ మంటగా ఉంది నాన్నా, ఇక్కడ, ఇక్కడ, ఆ రోజు కూడా చాలా మంటగా ఉంది, నువ్వు గుడ్డ కప్పేశావు అని ఏడ్చింది. వారం రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. పై ఫ్లోర్ ఆవిడ కంగారుగా దిగొచ్చి తలుపు కొట్టింది. ఏమైంది, మళ్లీ పడిందా అంది.

పడలేదండీ, ఎప్పుడూ పడలేదు, నేనే కాల్చాను అన్నాను.

జులై 8

పొద్దుట్నుంచి ఫిర్యాదులే. దురద. మంట. దిండు గట్టిగా ఉంది. దిండు మెత్తగా ఉంది. ఫ్యాన్ తన వంక కాకుండా నా వంక చూస్తోంది. మా ఆవిడ వచ్చేసరికి నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆమె చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అదంతా వింది.

జులై 9

మా ఆవిడ టీ కలిపి నాకు కూడా ఇచ్చింది.

ఆగస్టు 26

కట్టు తీసేశారు. పెద్దాయన రంపం ఆపి, తలుపు పగలగొట్టేశాం తల్లీ, బయటికి రా అన్నాడు. ఆ ఆట ఆయనకి ఎవరు చెప్పారో. లోపల కాళ్లు రెండూ పుల్లల్లా ఉన్నాయి. చర్మం పొట్టులా రాలుతోంది. నడుం పక్కన మచ్చ మిగిలింది, మెరుస్తోంది. పెద్దయ్యాక కూడా ఉంటుందట.

వచ్చేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ పనిలోకి వెళ్తున్నారా అని అడిగాడు. వచ్చే వారం అన్నాను. ఇప్పటికీ ఆయన కళ్లల్లోకి చూడలేకపోయాను.

సెప్టెంబరు 30

మంచం నుంచి కిటికీ వైపు తనంతట తనే నడిచింది. సగంలో కూలబడింది. నేల వంకరగా ఉంది నాన్నా అంది.

లేదు బాతూ, నేల బాగానే ఉంది అన్నాను.